ఊరబెట్టిన నలుపు

కరక్కాయ కషాయాన్ని కలుపుతుండగా బాబురావు చేతిలోని పేము ముక్క పుటుక్కున విరిగి, సగం డేగిశాలో పడింది.

"దీని దుంపతెగ" అనుకుని అట్లకాడతో ఆ సగాన్ని బయటికి లాగాడు. కోత ముక్కల బుట్టలోంచి ఇంకో నల్ల ముక్క తీసుకుని మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. నాలుగు తిప్పులు తిప్పాడో లేదో అదీ విరిగింది. అప్పుడాగాడు.

పేము అలా విరగదు. బడిలో బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళెవరైనా చెబుతారు ఆ సంగతి. వంచితే వంగుతుంది, ఇంకా వంచితే పీచులు పీచులుగా చీలుతుంది, పూర్తిగా తెంపాలంటే కొడవలి కావాలి. ఇది మాత్రం బలపంలా తెగింది. విరిగిన చోట ఒక్క పీచు లేదు.

బుట్ట ముందు గొంతుకూర్చుని ఒక్కొక్కటే తీసి చూశాడు. మంజిష్ఠలో ఉడికించిన ఎర్ర ముక్కను రెండు చివరలూ కలిసేదాకా వంచాడు, విరగలేదు. దానిమ్మ తొక్కలతో పసుపెక్కించిన ముక్కా విరగలేదు. రంగు వెయ్యని ముక్క వంగి, వదలగానే మళ్ళీ నిటారుగా లేచింది. ఆ తర్వాత నల్లవి మూడు తీశాడు. మూడూ విరిగాయి.

ఆ నల్ల ముక్కలన్నీ ఒకే వాయివి. జనవరిలో చేసిన పన్నెండు విళ్ళకు చివరలు కోయగా మిగిలినవి. విళ్ళు ఇక్కడ లేవు. ఆర్.కె. పురంలో పిల్లలకు విలువిద్య నేర్పే ఒక క్లబ్బు బీరువాలో ఉన్నాయి. ఎల్లుండి, ఆదివారం పొద్దున, వేసవి శిబిరం మొదలవగానే పిల్లల చేతికి వెళ్తాయి. రేకుల షెడ్డు కింద ఒళ్ళంతా చెమటలు కారుతున్న బాబురావుకు ఉన్నట్టుండి చలి పుట్టింది.

బాబురావుది పెడన. తాతా, తండ్రీ కలంకారీ అద్దకానికి రంగులు కాచినవాళ్ళు. భార్య ఆనందకుమారికి ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు, రంగుల కుండలన్నీ తమ్ముడికి అప్పగించి ఆమె వెనకాలే వచ్చేశాడు. పెళ్ళాం చెంగు పట్టుకుని రైలెక్కాడని చర్చిలో వాళ్ళే నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. తొమ్మిదేళ్ళపాటు దొరికిన పనల్లా చేశాడు. లిఫ్టు నడిపాడు, పార్సిళ్ళు మోశాడు, ఒక కోచింగు సెంటరు గేటు దగ్గర కూర్చున్నాడు. గోళ్ళకు రంగు అంటని ఆ తొమ్మిదేళ్ళూ తన బతుకులో లెక్కలోకి రావని ఆయన ఉద్దేశం. అలాంటి రోజుల్లో దొరికాడు పృథ్వీరాజ్.

పృథ్వీరాజ్ కరీంనగర్ కుర్రాడు. నోయిడాలో పదేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మెడనొప్పి తప్ప తనకేమీ మిగల్లేదని మానేసి, చేత్తో విళ్ళూ బాణాలూ తయారుచేసే కార్ఖానా పెట్టాడు. సెక్టార్ల మధ్య ఇరుక్కుపోయిన ఒక ఊళ్ళో, బర్రెల పాక పక్కన రేకుల షెడ్డు. అస్సాం నుంచి పేము వస్తుంది. దాన్ని చెక్కి, కాచి, వంచి విల్లు చేస్తారు. రంగులన్నీ చెట్టూచేమలవే. అపార్ట్‌మెంటు జనానికి ఆర్గానిక్ అన్న మాట చెవిన పడితే చాలు, ఇంకేమీ అడగరు. మందుల రంగు కాదు కాబట్టి హాని లేదు, వాళ్ళ లెక్క అంతే. కరక్కాయా, బెల్లమూ, ఇనుమూ కలిస్తే ఏం చెయ్యగలవో వాళ్ళకేం తెలుసు! తెలిసినవాడు బాబురావు ఒక్కడే. ఆయనేమో నోరు మూసుకున్నాడు.

కలంకారీ నలుపు పుట్టేది కసిం నుంచి. ఇనుప తుక్కునూ బెల్లాన్నీ నీళ్ళలో వేసి మూడు వారాలు పులియబెడితే తేరే నీళ్ళే కసిం. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ చుక్క పడిందంటే కళ్ళముందే నల్లబడుతుంది. కాకపోతే అందులో ఇనుమూ పులుపూ రెండూ ఉన్నాయి, ఆ రెంటినీ బట్టలో ఉండనివ్వకూడదు. పెడనలో కాలవలో దిగి ఝాడించి ఉతుకుతారు, పారే నీళ్ళు పట్టుకుపోతాయి. ఉతుకు తగ్గిందా, కొన్నేళ్ళకు నల్లగీత ఉన్న చోటల్లా బట్ట చిరిగి రాలిపోతుంది. పువ్వు ఉంటుంది గాని పువ్వు చుట్టూ గీత ఉండదు. పేముకు ఆ ఉతుకుడు కుదరదు కనుక రెండే పూతలు పూసి, వెంటనే సున్నపుతేటలో ముంచి పులుపు చంపెయ్యాలి. ఈ పద్ధతి బాబురావే కనిపెట్టి, పృథ్వీరాజ్ చేత నోటుబుక్కులో రాయించాడు కూడా.

జనవరిలో తొమ్మిది రోజులు వరసగా సూర్యుడు కనబడలేదు. పూసిన పూత ఆరదు. దానికి తోడు బోరునీళ్ళ ఉప్పదనం. రెండు పూతలకు విల్లు బూడిదరంగులో తేలింది, సున్నంలో ముంచితే ఇంకా వెలిసింది.

"ఇదేం నలుపు అంకుల్? గ్రే ఉన్నది గద" అన్నాడు పృథ్వీరాజ్.

అన్నది అంతే. బాబురావుకు తల కొట్టేసినట్టయింది. తాతల నాటి నలుపును పట్టుకుని గ్రే అంటాడా! ఆ పంతంలో పన్నెండు విళ్ళనూ ప్లాస్టిక్ గొట్టాల్లో దింపి, నిండా కసిం పోసి, మూతలు బిగించి, ఆరు రోజులు ఊరబెట్టాడు. తీసి చూస్తే ఎలాంటి నలుపు! కాటుక దాని ముందు వెలవెలబోతుంది. సున్నంలో ముంచితే ఆ నలుపు ఒక పిసరు తగ్గుతుంది. ఆ పిసరు వదులుకోవడానికి ఆయనకు మనసు రాలేదు. గుడ్డతో తుడిచి, ఆముదం పట్టించి ఇచ్చేశాడు.

"సున్నంల ముంచిన్రా అంకుల్?" అని నోటుబుక్కు తెరిచి అడిగాడు పృథ్వీరాజ్.

"ముంచకపోతే ఎట్టా సార్" అన్నాడు బాబురావు.

ఆ రోజే పృథ్వీరాజ్ ఒక్కో విల్లునూ యాభైసార్లు లాగి చూశాడు. ఒక్కటీ కిక్కురుమనలేదు. అప్పుడు గాలిలో తేమ ఉంది, పేములోనూ ఉంది. ఇప్పుడు మే నెల. లూ, అదే ఉత్తరాది వడగాలి, కొడుతోంది. ఇంటి తలుపులే బీటలు వారుతున్నాయి. కసిం నాలుగు నెలలుగా లోపలి పీచును తింటూ కూర్చుంది, మిగిలిన కాస్త తేమనూ ఎండ లాగేసింది. ఆ విళ్ళు ఇప్పుడు చూడ్డానికే విళ్ళు.

సాయంత్రం లక్ష్మీ నగర్‌లో తమ రెండు గదుల వాటాకు చేరాక కూడా బాబురావు నోరు మెదపలేదు. డ్యూటీ దిగి వచ్చిన ఆనందకుమారి ఆయన ముందు టీ గ్లాసు పెట్టి, అది చల్లారిపోయేదాకా చూసి, ఎదురుగా కూర్చుంది.

"ఏంటయ్యా? ఎవరన్నా ఏవన్నా అన్నారా?"

చెప్పేశాడు. ఆరు రోజుల ఊరబెట్టడం దగ్గర గొంతు తగ్గించాడు, సున్నం దగ్గర ఇంకా తగ్గించాడు.

"విరిగితే ఏవవుద్ది?" అంది ఆమె.

"తాడు చెంపదాకా లాగినప్పుడు విరిగితే పై ముక్క ఎనక్కి తంతది. మొహం మీదికే."

ఆనందకుమారి పద్నాలుగేళ్ళు క్యాజువాలిటీలో పనిచేసిన మనిషి.

"పిల్లలు ఎంతెంత వాళ్ళు?"

"పదేళ్ళు. పన్నెండేళ్ళు."

"పొద్దున్నే పోయి ఆ అబ్బాయికి చెప్పెయ్యి. సున్నంలో ముంచలేదని కూడా చెప్పు. ఆ ముక్క మింగేసి మిగతాది చెబితే ఎవరూ నమ్మరు."

"పేరు పోద్ది కుమారీ. ఇంక నా చేత ఎవడూ రంగు కాయించడు."

"పోతే పోనియ్యి. మొహం పగిలిన పిల్లల్ని పట్టుకుని కూర్చోటం నా వల్ల గాదు ఇంక" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి బాబురావు తల దించుకున్నాడు.

శనివారం పొద్దున్నే షెడ్డుకు వెళ్ళి పృథ్వీరాజ్‌కు అంతా చెప్పాడు, ఏదీ మింగలేదు. పృథ్వీరాజ్ ముఖంలో ఒక్క క్షణం రంగు మారింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆరు రోజులా?"

"ఆరు రోజులు సార్."

"మరి ముంచిన అన్నరు గద నాతోని."

"అబద్ధం చెప్పాను."

పృథ్వీరాజ్ తిడతాడనుకున్నాడు బాబురావు. తిట్టినా బాగుండేది. తిట్టకుండా ఆలోచించడం మొదలుపెట్టాడు, ఆ ఆలోచన ఎటు పోతుందో ముఖంలోనే కనబడుతూ వచ్చింది.

"గానీ అంకుల్, నేను లాగిన గద. ఒక్కోటి యాభైసార్లు."

"అప్పుడు చలికాలం సార్. ఇప్పుడు చూడండి" అని బాబురావు నల్ల ముక్క ఒకటి ఆయన కళ్ళముందే విరిచాడు.

"ఇది పొయ్యి పక్కన ఎండిన తుక్కు. విళ్ళు బీరువల ఉన్నయి, నూనె పట్టించి. పేము విల్లు వంగుతది గాని విరగదని అందరికీ చెప్పుకున్నం. రేపు రెండు పెద్ద స్కూళ్ళ వాళ్ళు చూడనీకి వస్తున్నరు, వీడియో తీస్తున్న. ఇప్పుడు పోయి విళ్ళు వాపస్ ఇయ్యిర్రి, అవి విరుగుతయి అంటే ఏమైతది చెప్పుర్రి?" గొంతు మెత్తబరిచాడు. "ఒక్క రోజు గడవనియ్యిర్రి. సోమవారం నేనే పోయి పన్నెండూ తెస్త. ఏం గాదు."

పృథ్వీరాజ్ చెడ్డవాడేం కాదు. నాలుగేళ్ళ కష్టాన్ని ఒక్క ఆదివారం మీద పెట్టుకున్నాడు, అందుకే తనకు కావలసిందే నిజమని తేల్చుకున్నాడు. బాబురావు జనవరిలో చేసింది కూడా అదే కదా. అందుకే ఆయనకు కోపం రాలేదు, భయం మాత్రం రెట్టింపైంది.

బయటికి వచ్చి, గోడ మీద అంటించిన శిబిరం కాగితంలో నంబరు చూసి కోచ్‌కి ఫోన్ చేశాడు. కోచ్ పేరు సాయిప్రకాష్. తండ్రి సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగి, కుర్రాడు ఆర్.కె. పురం క్వార్టర్లలోనే పుట్టి పెరిగాడు. బాబురావు పేరు చెప్పగానే అందుకున్నాడు.

"అరే అంకుల్, నమస్తే. పృథ్వీ భాయ్ అభీ అభీ ఫోన్ చేశాడు. మీ తబియత్ బాలేదంట కదా? ఎండలో పని చేస్తే అలాగే అవుతుంది. టెన్షన్ మత్ లీజియే. నేనే ఖుద్ చెక్ చేస్తాను, ఠీక్ హై?"

బాబురావు విషయం చెప్పేలోపే అవతల కట్టయింది. మళ్ళీ మూడుసార్లు చేసినా ఎత్తలేదు. తలెత్తి చూస్తే ఆకాశమంతా దుమ్ముతో పచ్చగా ఉంది. వీధి పంపు దగ్గర ఆడవాళ్ళు రేపు ఇంకో రెండు డిగ్రీలు పెరుగుతుందట అని చెప్పుకుంటున్నారు.

ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది. బాబురావు ఆటో మాట్లాడుకుని తెల్లవారగానే బయల్దేరాడు. యమున వంతెన మీద ఒక ట్రక్కు అడ్డం తిరిగి ఆగిపోయి ఉంది. వెనక హారన్లు, ముందు పోలీసు ఈల. శిబిరం ఆరింటికి. ఆరూ పది అయింది, ఆరూ ఇరవై అయింది. ఆటోవాడు బీడీ ముట్టించి, "అంకుల్‌జీ, కిసీ కీ షాదీ హై క్యా?" అని, ఎవరి పెళ్ళికి ఈ తొందర అన్నట్టు నవ్వాడు. బాబురావు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆర్.కె. పురంలో శిబిరం జరిగే పార్కు చేరేసరికి ఏడు కావస్తోంది. అప్పటికే ఎండ చుర్రుమంటోంది. గడ్డి మాడిపోయిన నేల మీద సున్నంతో గీత గీసి, కసరత్తులయ్యాక దాని వెనక పన్నెండుమంది పిల్లల్ని అప్పుడే నిలబెట్టారు. తల్లిదండ్రులు వేపచెట్టు నీడలో గుంపుగా ఉన్నారు. కట్టెల స్టాండు మీద పదకొండు విళ్ళు వరసగా మెరుస్తున్నాయి. వాటిని చూడగానే బాబురావుకు ముందు కలిగింది భయం కాదు. ఎంత బాగున్నాయి నా విళ్ళు అనుకున్నాడు. అనుకున్నందుకు ఆ వెంటనే తనమీద తనకే అసహ్యం వేసింది.

పన్నెండో విల్లు రెండు జడల పిల్ల చేతిలో ఉంది. కోచ్ ఆ పిల్ల మోచేయి సరిచేస్తూ, "షాబాష్ మైథిలీ, ఇంకొంచెం వెనక్కి, గాల్ తక్, చెంపదాకా" అంటున్నాడు. తాడు సగందాకా వచ్చింది.

"లాగమాకమ్మా!" అని బాబురావు అరిచిన అరుపుకు చెట్టు మీది కాకులు లేచాయి.

మైథిలి ఉలిక్కిపడి తాడు మెల్లగా వదిలింది. "క్యా హువా అంకుల్?" అంది.

పృథ్వీరాజ్ ఫోన్ స్టాండు వదిలేసి గబగబా వచ్చాడు. "ఇప్పుడు గాదు అంకుల్, మీకు దండం పెడుత" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. బాబురావు ఆయన్ను దాటి సున్నపు గీత ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"అయ్యా, అమ్మా, ఈ నలుపు కాచింది నేనే. తప్పు చేశాను. ఆరు రోజులు ఇనప నీళ్ళలో ఊరబెట్టాను, సున్నంలో ముంచలేదు. ముంచానని అబద్ధం చెప్పాను. ఈ విళ్ళు విరుగుతయ్యండీ. పిల్లలకివ్వకండి." అదే మాట తనకొచ్చిన హిందీలో మళ్ళీ చెప్పాడు.

ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కళ్ళద్దాల పెద్దమనిషొకడు, "నేచురల్ కలర్ హీ తో హై, ఉస్ మే క్యా ప్రాబ్లమ్?" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

కోచ్‌కి చిరాకేసింది. స్టాండు మీది మొదటి విల్లు తీసుకుని, అందరూ చూస్తుండగా చెంపదాకా టకటకా పదిసార్లు లాగాడు. ఏమీ కాలేదు. "దేఖా?" అని విల్లును తిరిగి స్టాండు మీద పెట్టాడు. నవ్వులు ఈసారి బాహాటంగానే వినబడ్డాయి.

బాబురావుకు ముఖం చెల్లలేదు. అయినా కదల్లేదు. "ఆ పాప చేతిలోది ఇటియ్యండి. ఇరవైసార్లు లాగుతా. విరక్కపోతే నా దారిన నేను పోతా."

పృథ్వీరాజ్ స్కూళ్ళ నుంచి వచ్చినవాళ్ళ వైపు ఒకసారి చూసి, "సరే. ఇరవై. తర్వాత ఇంటికి పోవాలె అంకుల్" అన్నాడు.

వందల విళ్ళకు రంగు పట్టించాడు గాని బాబురావు ఏనాడూ విల్లు లాగినవాడు కాదు. చెయ్యి దూరంగా చాపి, ముఖం పక్కకు తిప్పుకుని లాగాడు.

"గట్ల సగం లాగితే ఏం టెస్టు? పిల్లలు లాగినట్టు లాగుర్రి" అన్నాడు పృథ్వీరాజ్.

ఆ మాటా నిజమే. బాబురావు ముఖం తిప్పి, తాడు కుడి చెంపకు తగిలేదాకా లాగాడు. పిల్లలకు ఇదో ఆటలా ఉంది. చప్పట్లు కొడుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఏక్, దో, తీన్. ప్రతిసారీ నల్లటి పై కొమ్మ ఆయన కంటికి జానెడు దూరంలోకి వంగి వస్తోంది, మళ్ళీ లేచి వెళ్తోంది. సాత్, ఆఠ్. కోచ్ వాచీ చూసుకున్నాడు. బారహ్ దగ్గర, పన్నెండోసారికి, భుజం పట్టేసింది. ఉన్నీస్. "బీస్!" అని పిల్లలు గట్టిగా కేక పెట్టారు.

విల్లు విరగలేదు. బాబురావు ఒళ్ళంతా తేలికైపోయింది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ క్షణంలో ఆయనకు కలిగింది సంతోషం. తన నలుపు నిలిచింది. తను భయపడినంత తప్పేం చెయ్యలేదు. ఇంటికి పోయి స్నానం చేసి ఆరాధనకు వెళ్ళొచ్చు. మైథిలి ఎదురుగా వచ్చి, ఇక తన వంతు అంటూ రెండు చేతులూ చాపింది. "అంకుల్, అబ్ మేరీ బారీ."

ఇవ్వబోతూ చూశాడు. పిడికి జానెడు పైన, విల్లు ఎక్కువగా వంగే చోట, నలుపులో ఒక గీత. వెంట్రుకంత సన్నం. ఇందాక లేదు. మిగతా అంతా కాటుక నలుపు, ఆ గీత మాత్రం తుప్పు కలిసిన నలుపు. నలభై ఏళ్ళు నలుపును చూసిన కంటికి నలుపులు పది రకాలు, మిగతావాళ్ళకు ఒక్కటే. పేము మీద నిలువు గీతలు మామూలే. ఇది అడ్డంగా ఉంది.

"గీత పడింది, చూడండి ఇక్కడ" అన్నాడు.

కోచ్ వంగి చూశాడు. "కహా అంకుల్? కుఛ్ భీ నహీ హై." పృథ్వీరాజ్ వేలితో తడిమి, "ఏం లేదు. అయిపోయింది గద, ఇయ్యిర్రి ఇగ" అన్నాడు.

బాబురావు విల్లు వదల్లేదు. మోకాలికి అడ్డం పెట్టి విరిచేద్దామా అనుకున్నాడు. విరిచేస్తే ముసలాడు కావాలని విరగ్గొట్టాడంటారు, పట్టుకుని గేటు బయటికి పంపిస్తారు, ఆ తర్వాత స్టాండు మీది పదకొండు విళ్ళూ పదకొండుమంది పిల్లల చెంపలదాకా వస్తాయి. ఇది అందరూ చూస్తుండగా, పిల్లలు లాగినట్టు లాగుతుండగానే విరగాలి. ఎవరి చేతిలో విరగాలన్నది ఒక్కటే మిగిలింది.

నలభై ఏళ్ళలో కుండ పొయ్యి మీద పెట్టిన ప్రతిసారీ రంగు నిలబెట్టమని ప్రార్థించినవాడాయన. ఆ పొద్దున మొదటిసారి, ప్రభువా, నా చేతి పని పాడైపోనీ, ఇప్పుడే, నా దగ్గరే, అని అడిగాడు.

"ఏం జేస్తున్నరు అంకుల్?" అని పృథ్వీరాజ్ చెయ్యి చాపేసరికే బాబురావు నాలుగడుగులు వెనక్కి వేసి, పిల్లలకు దూరంగా జరిగి, తాడు లాగాడు. ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు. కళ్ళు మూసుకుందామనుకున్నాడు గాని, ఆ గీత మీదినుంచి చూపు తియ్యలేకపోయాడు. చెంపకు తాడు తగిలింది. గీత విచ్చుకుంది, లోపల పేము రంగు కనబడింది.

పెద్ద చప్పుడేం రాలేదు. కుడివైపు లోకమంతా ఒక్కసారి తెల్లబడింది. తర్వాత తన వీపు కింద మాడిన గడ్డి, నోట్లో ఉప్పటి రుచి. ఒక పిల్ల ఏడుపు, పెద్దవాళ్ళ పరుగులు. వాటన్నిటి మీదుగా సాయిప్రకాష్ గొంతు చించుకుని అరుస్తున్నాడు. "మత్ ఛూనా! కోయీ మత్ ఛూనా! స్టాండు దగ్గరికి ఎవ్వరూ వెళ్ళొద్దు!"

మూడో రోజు మధ్యాహ్నం పృథ్వీరాజ్ ఆసుపత్రికి వచ్చాడు. బాబురావు ముఖంలో కుడి సగం కట్టు కింద ఉంది. ఆ కన్ను ఇంక రాదని డాక్టరు పొద్దునే చెప్పి వెళ్ళాడు. ఆనందకుమారి తన వార్డు వేరే అయినా పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. పృథ్వీరాజ్ మంచం కాళ్ళ దగ్గరే నిలబడిపోయాడు. తెచ్చిన పళ్ళ సంచీ ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు ఆయనకు.

"నేను విన్లే అంకుల్" అన్నాడు చివరికి. "మీరు చెప్పిన్రు. విన్లే నేను."

"అబద్ధం చెప్పింది నేను గదా సార్" అన్నాడు బాబురావు. "మిగతావి?" అని అడిగాడు.

"పదకొండూ షెడ్డుకు తెచ్చిన. గోడకు కట్టి, దూరంగ నిలబడి తాడుతోని లాగిన. నాలుగు విరిగినయి." పృథ్వీరాజ్ పళ్ళ సంచీని నేల మీద పెట్టాడు. "సాయిప్రకాష్ పదిసార్లు లాగిండు గద, అది రెండోసారికే పోయింది. మిగిలిన ఏడూ గూడ కోసి పారేసిన."

బాబురావు నాలుగు అని పెదవులతో మాత్రం అనుకున్నాడు. గీత వెనక వరసగా నిలబడ్డ పిల్లలు ఒక్కొక్కరే కళ్ళకు కట్టారు. రెండు జడలు, మోచేతుల మీద దుమ్ము, చెంప దగ్గరికి వచ్చిన చిన్న చిన్న వేళ్ళు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

ఆనందకుమారి లేచి వంగి, తన కొంగుతో ఆయన ఎడమ కన్ను తుడిచింది.

"ఏడవమాకయ్యా" అంది. "రెండో దాంట్లో కుట్లున్నయ్. తడవకూడదు."